రక్తం టానిక్

సౌదీలోని బురైదా అనే ఊళ్ళో ఒక ప్రైవేటు పాలీక్లినిక్‌లో నేను ఫార్మసిస్టును. కౌంటరు వెనక నిలబడి నేను ఎక్కువసార్లు పలికిన మాట "ఇవ్వను". ఈ దేశంలో డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదు. ఆ చట్టం లేకపోయినా నేను మొండిచెయ్యే చూపేదాన్ని. పెళ్ళికి ముందు కాకినాడలో మందుల షాపులో పనిచేసిన రోజుల్లోనూ ఇంతే. నేను కౌంటర్లో ఉంటే గిరాకీ పోతోందని ఓనరు గొణుక్కునేవాడు.

అయినా అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు, మనవాళ్ళయితే మరీను. పేరుతో కాదు, రంగుతో అడుగుతారు. ఒకరికి ఎరుపూ పసుపూ కలిసిన గొట్టం మాత్ర కావాలి, ఇంకొకరికి మూడు రోజులకు మూడే వేసుకునే తెల్ల మాత్ర కావాలి. ఇవ్వనంటే "మీరూ తెలుగువాళ్ళే కదండీ" అంటారు, అదేదో డాక్టరు సంతకమైనట్టు. నాకు కోపం వస్తే తిట్టను, పాఠం చెబుతాను. నా భర్త దృష్టిలో తిట్టడమే నయం.

ఒకసారి హైదరాబాదు డ్రైవరు ఒకాయన జలుబుకు పట్టుబట్టాడు.

"గిట్ల కాదు మేడం, జర స్ట్రాంగ్‌ది ఇయ్యండి. పొద్దుగాల హఫర్ అల్ బాతిన్ పోవాలె."

"స్ట్రాంగ్‌ది అని ఒకటి ఉండదు బాబూ, సరైనది అని ఉంటుంది" అని మొదలుపెట్టాను. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని పాఠమంతా విన్నాడు, పాపం.

ఆ రోజు నేను చెప్పింది ఇదీ. సూక్ష్మజీవి చుట్టూ ఒక గోడ ఉంటుంది. పెన్సిలిన్ జాతి మందులు, వాటికి దాయాదులైన సెఫలోస్పోరిన్లు ఆ గోడ కట్టుకోనివ్వవు. గోడ లేని సూక్ష్మజీవి పగిలి చస్తుంది. మన కణాలకు అలాంటి గోడే లేదు కాబట్టి మన జోలికి రావు, పడనివాళ్ళకు తప్ప. పడనివాళ్ళకు మాత్రం ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఒక్కొక్కరికి గొంతు మూసుకుపోతుంది. టెట్రాసైక్లిన్లూ, ఆ మూడు రోజుల మాత్ర పుట్టిన మాక్రోలైడ్ల ఇల్లూ గోడ జోలికి పోవు. లోపల పొయ్యి ఆర్పేస్తాయి. సూక్ష్మజీవికి కావలసిన మాంసకృత్తులు తయారు కావు, అది ఎదగలేక ఆగిపోతుంది. క్వినోలోన్లు సంతానం కలగనివ్వవు. జన్యువుకు నకలు తీసుకునే చోటే అడ్డుపడతాయి. మూత్రంలో మంటకు బాగా పనిచేస్తాయి గానీ, అవి వాడి మడమ వెనక నరం తెగినవాళ్ళున్నారు. సూదిమందుగా ఇచ్చే జెంటామైసిన్ లాంటివి మహా గట్టివి, కాకపోతే కిడ్నీనీ చెవినీ కనిపెట్టుకుని ఉండాలి. ఆదమరిస్తే ఆ చెవి మళ్ళీ వినదు. ఇక జలుబు తెచ్చే వైరస్‌కు గోడా లేదు, పొయ్యీ లేదు. దాని మీద ఇవన్నీ దండగ.

"అయితే నాకేమిస్తరు?" అన్నాడాయన.

"ఆవిరి పట్టుకో. రేపు బండి మెల్లగా తోలు" అన్నాను. కళ్ళతోనే తిట్టుకుంటూ వెళ్ళాడు.

అరల ముందు నిలబడితే నాకు ఎవరింటికి వచ్చానో తెలిసినట్టే ఉంటుంది. ఏ మందు ఏ ఇంటిది, ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ కరుస్తుంది, ఎవరి పక్కన కూర్చోబెట్టకూడదు అనేవి నాకు కంఠోపాఠం. గొప్పలు పోతున్నాననుకున్నా ఫరవాలేదు. కానీ ఒక మనిషి జ్వరం ఎందుకు తగ్గడం లేదో కనిపెట్టడానికి ఆ చదువు ఒక్కటే సరిపోలేదు. మందులంటే వేడి అని జన్మంతా నమ్మిన మా అమ్మకు కూతురిని కావడం కూడా పనికొచ్చింది.

ఆ మనిషి ఒంటెల కాపరి. రాయచోటి వైపువాడు. ఊరికి చాలా దూరంగా, ఖర్జూరం తోటలు దాటాక ఎడారిలో అతని కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమానికి, ఒంటెల మంద ఉంది. ఒంటె పాలు పితికి, నురుగు ఆరకముందే తాగడం అక్కడివాళ్ళ అలవాటు. కాచడమంటే పాలను అవమానించడమే వాళ్ళకు. ఇతనూ తాగాడు. ఆ పచ్చిపాలతో వచ్చే జ్వరం ఒకటుంది, బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి తెచ్చేది. సాయంత్రానికి వణుకు, చెమటలు, నడుము విరిగినట్టు నొప్పి. వారం నలిపేస్తుంది, వారం వదిలేస్తుంది, మళ్ళీ వస్తుంది. అది మన కణాల లోపలే దూరి కూర్చుంటుంది కాబట్టి ఒక్క మందుతో లొంగదు. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ రెండూ కలిపి ఆరు వారాలు వాడాలి. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల ఇంటి పిల్ల. రిఫాంపిసిన్, సూక్ష్మజీవి తన జన్యువులోంచి పనికి ఆజ్ఞలు రాసుకునే చోటును కొడుతుంది.

మంద దగ్గరున్న చిన్న దవాఖానాలో అతనికి ఆ రెండు మాత్రలే ఇచ్చారు. ఆరు వారాలు మింగాడు. జ్వరం పోలేదు. మళ్ళీ అవే మొదలుపెట్టారు. సగానికొచ్చినా సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలుతూనే ఉందని కఫీల్ మా క్లినిక్‌కు తీసుకొచ్చాడు. మా డాక్టరుగారు పెద్ద వయసు సూడానీ, నిదానస్తుడు. వెన్నుకు ఫోటో తీయించారు, శుభ్రంగా ఉంది. మాత్రలకు లొంగలేదు కాబట్టి సూదిమందు కలపాలి, దానికి రోజూ ఊళ్ళోకి రావాలి అన్నారు. రోజూ అంత దూరం ఎవరు తిప్పుతారు? కఫీల్ చెడ్డవాడేం కాదు. "నీరసించిపోయాడు. ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపిస్తాను, వాళ్ళవాళ్ళ దగ్గర ఉంటాడు" అన్నాడు. ఆ మాట విన్నాక ఆ మనిషి మొహం చూడలేకపోయాను.

మామూలుగా ఎగ్జిట్ అంటే వీసా ముగించుకుని ఇల్లు చేరడం. ఇతనికి అది తలకిందులు. అతని భార్య ఇదే బురైదాలో ఒక సౌదీ ఇంట్లో పనిచేస్తోంది. ఒకే ఊరికి వీసాలు దొరకాలని రెండేళ్ళు కాచుకుని ఇద్దరూ వచ్చారు. వారం పొడుగునా ఆమె ఫోను యజమానురాలి దగ్గరే ఉంటుంది. శుక్రవారం ఇస్తారు. అప్పుడు మాట్లాడుకుంటారు, వీలైతే ఒక గంట కలుసుకుంటారు. ఇప్పుడు ఇతన్ని పంపించేస్తే, ఒప్పందం తీరేదాకా ఆమె ఒక్కతే ఇక్కడ.

ఇవన్నీ నాకు కౌంటరు దగ్గరే తెలిశాయి. నొప్పి మాత్రల చీటీ ఇచ్చి, నా పలుకు విని తెలుగువాళ్ళమని గుర్తుపట్టి, అతను మెల్లగా అడిగాడు.

"మేడం, మంచి రక్తం టానిక్ ఉంటే ఇస్తారా? నా దగ్గరుండేది అయిపోవొచ్చింది."

"రక్తం టానిక్ ఎందుకయ్యా నీకు?"

"ఒంట్లో రగతం నిలబడ్డంల్యా మేడం."

"ఎక్కడ పోతోంది? ముక్కులోంచా?"

అతను నేల చూపులు చూశాడు. ఆడమనిషికి చెప్పుకోవలసి వచ్చిందని సిగ్గు.

"అదే మేడం... ఒకటికి పోతే ఎర్రగా వస్తాంది. చెమట పట్టినా ఎరుపే. ఈ బనీను జూడండి. కండ్లల్లో నీళ్ళొచ్చినా ఎరుపే. మాత్రల వేడికి లోపల రగతమంతా కరిగిపోతాంది."

నాకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. రిఫాంపిసిన్ వేసుకున్న ప్రతి మనిషికీ అంతే. మాత్ర రంగే మూత్రంలో, చెమటలో, కన్నీళ్ళలో దిగుతుంది. అది హాని కాదు. నిజానికి మందు ఒంటికి పట్టిందనడానికి సాక్ష్యం. ఆ మాట చెప్పి పంపితే పోయేదానికి, ఆ చిన్న దవాఖానావాళ్ళు చేతివేళ్ళు రెండు చూపించి "రోజూ, రోజూ" అని పంపించేశారట.

"అది రక్తం కాదయ్యా, రంగు. సరే, ఆ టానిక్ ఎప్పుడు తాగుతున్నావు?"

"మాత్రలతోనే మేడం, మరిచిపోకుండా. మాత్రలు నోట్లో ఏసుకోని మూతెడు టానిక్ పోసుకుంటా. ఆ మింద గ్లాసు లబన్. మందు వేడి కదా, సల్లబడాల."

లబన్ అంటే ఇక్కడి చిక్కటి మజ్జిగ. మా అమ్మయినా అచ్చం ఇదే చేసి ఉండేది. ఇంగ్లీషు మందు పడితే మజ్జిగ, ఎరుపు కనిపిస్తే రక్తానికి టానిక్. మన ఇళ్ళలో పుట్టినవాళ్ళకు తప్ప ఈ లెక్క ఎవరికీ తట్టదు.

"ఎవరు చెప్పారు నీకిది?"

"మా ఇంటామె. టానిక్ గూడా ఆమెదే. ఊర్నుంచి వచ్చేవాళ్ళ చేత తన కోసరం తెప్పిచ్చుకునింది. నాకు ఎర్రగా పోతాందని చెప్తే, తను తాగకుండా నాకు పంపిచ్చింది. మళ్ళా తెప్పిచ్చి మళ్ళా పంపిచ్చింది."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఇక్కడ ఆ మందు వేసింది ఆమె ప్రేమ. రక్తం టానిక్ అంటే ఇనుము. టెట్రాసైక్లిన్ ఇంటి మందులకు ఇనుము ఎదురైతే రెండూ కడుపులోనే చేతులు పట్టుకుని కూర్చుంటాయి. మందు రక్తంలోకి దిగదు. పాలలోని సున్నంతోనూ కొంత అంతే, డాక్సీసైక్లిన్‌కు కొంచెం తక్కువ. ఇనుముతో మాత్రం రాజీ లేదు. అంటే ఇన్నాళ్ళూ ఇతను మింగిన డాక్సీసైక్లిన్‌లో చాలామటుకు వృథా. రిఫాంపిసిన్ దాదాపు ఒంటరిగా పోరాడుతోంది. ఒంటరి మందుకు సూక్ష్మజీవి త్వరగా అలవాటు పడిపోతుంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే ఆ మందు కూడా చేతులెత్తేసేది.

నేను చీటీ పట్టుకుని డాక్టరుగారి గదికి వెళ్ళాను. విన్నాక ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"వేరే మందులేమైనా వాడుతున్నావా అని అడిగాను. లేదన్నాడు" అన్నారు.

"టానిక్ మావాళ్ళ లెక్కలో మందు కాదండీ, బలం" అన్నాను.

ఆయన నవ్వి, మళ్ళీ రక్తపరీక్ష రాసి, జబ్బు మందుకు లొంగలేదో లేక మందు అసలు చేరనే లేదో ముందు తేల్చుకుందామన్నారు. మాత్రలు అవే, మొదటి నుంచి ఆరు వారాలు. టానిక్ బంద్. సూదిమందు మాట తరువాత.

ఇక కఫీల్. ఆయన జపమాల తిప్పుకుంటూ కౌంటరు దగ్గరే నిలబడి ఉన్నాడు. నాకు వచ్చిన అరబ్బీలో మొత్తం చెప్పాను. "మందు తప్పు కాదు, మనిషి తప్పు కాదు. కలిపి తాగిన తీరు తప్పు. ఆరు వారాలు ఆగండి. ఇతను లేచి మీ ఒంటెల వెంట పరిగెడతాడు."

"హామీ ఇస్తావా?" అన్నాడు.

"మందుకు నేను హామీ. నీడకు మీరు హామీ ఇవ్వాలి. ఈ మాత్ర వేసుకున్న ఒంటికి ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది. మధ్యాహ్నం పనిలో పెట్టకండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఆ ఊళ్ళో ఆడది అంత గట్టిగా మాట్లాడటం ఆయన ఎక్కువసార్లు విని ఉండడు. చివరికి ఒప్పుకున్నాడు. ఆరు వారాలే, అప్పటికీ జ్వరం ఉంటే పంపించేస్తానన్నాడు.

ఇన్ని గెలిచాక కాపరి దగ్గర ఇరుక్కున్నాను. విషయం అర్థమయ్యాక అతను చేతులు జోడించాడు.

"అక్కా, మా ఇంటామెకు మటుకు చెప్పొద్దండి. నా వల్లనే అని కుమిలిపోతాది. డాక్టరు మందు మార్చినాడని చెప్పండి."

"చెప్పకపోతే వచ్చే నెల ఇంకో టానిక్ పంపుతుంది. అప్పుడేం చేస్తావు? ఇసుకలో పారబోస్తావా?"

పారబోయడు, తాగుతాడు. ఆమె పంపింది కాబట్టి తాగుతాడు. అది అతని మొహంలోనే తెలుస్తోంది.

ఆ శుక్రవారం సాయంత్రం ఆమెను రమ్మన్నాను. సన్నటి మనిషి. అబాయా అనే నల్ల అంగీ మాటున పట్టుకున్న సంచిలో అతని కోసం దానిమ్మపళ్ళు తెచ్చింది. అవీ రక్తం కోసమేనని నేను వేరే అడగక్కర్లేదు. ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వినేంతసేపూ కన్నార్పలేదు.

"అయితే ఆయప్పకు జొరం తగ్గనీకుండా జేసింది నేనేనా?"

"జ్వరం తెచ్చింది పచ్చిపాలు. నీకు చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు. నువ్వు నీ రక్తం తీసి పోసినట్టు పోశావు, అది తప్పెలా అవుతుంది?"

ఆమె అప్పుడు ఏడ్చింది, గట్టిగానే. నేను ఏడవనిచ్చాను. ఓదార్చడం నాకు పెద్దగా చేతకాదు, పని అప్పగించడం వచ్చు. అందుకని ఆమెకు పని అప్పగించాను. "రోజూ పొద్దున పరగడుపున, మళ్ళీ సాయంత్రం, అతనికి ఫోన్ చెయ్యి. నువ్వు వింటుండగా మాత్ర మింగాలి. పెద్ద గ్లాసు నీళ్ళతో, నీళ్ళతోనే. మింగాక వెంటనే పడుకోకూడదు. ఈ మాత్ర గొంతులో అతుక్కుంటే పుండు పడుతుంది. అందుకని అతను కూర్చునే ఉండేలా మాట్లాడుతూ ఉండు. లబన్ కావాలంటే మధ్యాహ్నం తాగమను, ఒంటె పాలు మాత్రం కాచందే ముట్టవద్దను. కళ్ళు పచ్చబడినా, అన్నం సయించకపోయినా నాకు చెప్పాలి, ఎర్ర మాత్రతో లివరును కనిపెట్టుకుని ఉండాలి."

"ఫోను మా మామా ఇయ్యదు గదక్కా" అంది. ఇక్కడ పనిచేసేవాళ్ళు యజమానురాలిని మామా అంటారు.

ఆవిడతోనూ నేనే మాట్లాడాను. బడిలో టీచరు ఆవిడ. విషయం అడిగి తెలుసుకుంది. ఇది వైద్యం పని అనేసరికి కాదనలేదు. మాత్రల వేళకు ఫోను ఇస్తానంది, చీటీ ఉన్నన్నాళ్ళు.

మొదటి రెండు వారాలు నాకే గాబరాగా ఉండేది. కౌంటరు దగ్గర ఎంత ధీమాగా మాట్లాడినా, ఒక మనిషి బతుకు మన మాట మీద ఆగి ఉందంటే ఊరికే ఉండదు. మూడో వారం ఆమె కబురు పంపింది. సాయంత్రం వణుకు లేదట. ఆ తరువాత నడుము నొప్పి తగ్గింది. ఆరు వారాలు గడిచి మళ్ళీ రక్తం పరీక్ష చేస్తే డాక్టరుగారు కాగితం నాకే చూపించి బొటనవేలు ఎత్తారు. కఫీల్ ఒక పెట్టె ఖర్జూరాలు కౌంటరు మీద పెట్టి, కాపరిని బండెక్కించుకుని మంద దగ్గరికి తీసుకుపోయాడు. ఎగ్జిట్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ రోజంతా నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

తరువాతి శుక్రవారం ఆమె ఒక్కతే వచ్చింది. సంతోషంగా ఉంటుందనుకున్నాను. కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది.

"అక్కా, ఇంగో నెలకు మాత్రలు రాయించరాదా?"

నాకు చిర్రెత్తింది. జబ్బు పోయాక మందెందుకని మొదలుపెట్టాను. అవసరం లేని యాంటీబయాటిక్ పేగులోని మంచి సూక్ష్మజీవులను చంపుతుందనీ, మిగిలినవాటికి ఎదురు తిరగడం నేర్పుతుందనీ, రేపు నిజంగా అవసరమైన రోజున పనిచేయదనీ మొత్తం చెప్పాను. ఆమె తల వంచుకుని అంతా వింది.

"ఆయప్ప ఏసుకోడులే అక్కా. చీటీ ఉంటే సాలు. చీటీ ఉంటే మామా ఫోనిస్తాది."

నేను చేతిలో కాగితాలు పక్కన పెట్టి ఆమె వైపు వంగాను.

"పెండ్లయి తొమ్మిదేండ్లాయ. ఈ నెలన్నర మాట్లాడుకున్నంత ఎప్పుడూ మాట్లాడుకోలే. గొంతులో మాత్ర దిగిందా అని అడగతా, దిగిందంటాడు, ఇంగ ఏందేందో చెప్తాడు. యా ఒంటె ఈనింది, యాది అలిగింది. మాత్రలయిపోయినాయని మామా ఫోను లోపల పెట్టేసింది."

నాకు కళ్ళు నిండిపోయాయి. దాచుకోలేదు కూడా. చీటీ మాత్రం రాయించలేదు, ఆ పని నేను చచ్చినా చెయ్యను. కౌంటరు మీద ఫోను తీసి ఆమె యజమానురాలికే చేశాను. ఈ జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే రకమనీ, మందులు ఆపాకే అసలు కాపలా అనీ, రోజూ పొద్దునా సాయంత్రమూ ఒళ్ళు వెచ్చబడిందా, నడుము లాగుతోందా అని ఎవరో ఒకరు అడుగుతూ ఉండాలనీ చెప్పాను. ఇందులో జ్వరం తిరగబెడుతుందన్నది అక్షరాలా నిజం. రోజుకు రెండుసార్లన్నది నా వైద్యం.

"ఎవరు అడగాలి?" అంది ఆవిడ.

"ఇన్నాళ్ళూ అడిగినావిడే అడిగితే మంచిది. ఏది మామూలో ఏది కాదో తనకు తెలుసు."

"ఎన్నాళ్ళు?"

"ఏడాది."

"తయ్యిబ్" అంది ఆవిడ. సరే అని.

నేను ఫోను పెట్టేసి ఇటు తిరిగాను. అరబ్బీలో జరిగిన సంభాషణంతా ఆమె నా మొహంలోనే చదువుకున్నట్టుంది.

"ఏడాదా అక్కా?"

"ఏడాదే" అన్నాను. "రోజుకు రెండుసార్లు. ఒక్క పూట కూడా మానకూడదు."